సంగీతం గదిలోకి నలుగురు ట్రైనీ టీచర్లు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆగస్టు మొదటి సోమవారం నుంచి ఎనిమిది వారాల పాటు, అంటే దసరా సెలవులు ఇచ్చేలోపు, మన సంగీతం తరగతుల్లో నలుగురు ఛాత్రోపాధ్యాయులు ఉంటారు. ఇద్దరు గాత్రం, ఒకరు వయొలిన్, ఒకరు మృదంగం. ఈ మాట బయటికి రాగానే కొందరు ఆఫీసులో అడిగారు: "అంటే మా పిల్లల మీద పని నేర్చుకుంటారా?" అవును, పిల్లల దగ్గరే నేర్చుకుంటారు. ఆ పని ఇంకెక్కడా రాదు. అయితే ఎవరి కళ్లముందు, ఎంతవరకు, ఏయే విషయాల జోలికి పోకుండా అన్నది మీకు తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టినప్పటి నుంచి మన ప్రాంతంలో సంగీతాన్ని కాలేజీకి వెళ్లి నేర్చుకోవడం అలవాటైంది. సర్టిఫికెట్‌కు 4 ఏళ్లు, ఆపైన డిప్లొమాకు 2 ఏళ్లు. ఆ ఆరేళ్లలో పాడటం, వాయించడం గట్టిపడతాయి. కానీ నాలుగో తరగతి పిల్లలు 30 మందిని ఒకే శ్రుతిలో కూర్చోబెట్టి, మూడో వరసలో కూర్చున్న ఎవరి గాంధారం (గ స్వరం) జారిందో పట్టుకోవడం పూర్తిగా వేరే విద్య. గురుకులంలో పెద్ద శిష్యుడు చిన్నవాళ్లకు పాఠం చెబుతుంటే గురువుగారు లోపలి గదిలోంచి వింటూ "ఆ రిషభం చూడు" అని కేకేసేవారంటారు. మేం చేసేదీ దాదాపు అదే, కాకపోతే లోపలి గదిలో కాదు, పక్కనే కూర్చుని.

మొదటి వారం ట్రైనీ టీచర్లు నోరు విప్పరు. వెనక కూర్చుని రాసుకుంటారు. రెండు, మూడు వారాల్లో పాఠానికి పది నిమిషాలు, అదీ పిల్లలకు ఇప్పటికే వచ్చిన వరసలతోనే, అంటే స్వరాల అభ్యాసాలతోనే. నాలుగో వారం నుంచి 40 నిమిషాల పీరియడ్ మొత్తం వాళ్ల చేతికి వస్తుంది, కానీ మన సంగీతం టీచరు గది వదిలి వెళ్లరు. ఆవిడ సెలవు పెట్టిన రోజు ట్రైనీ పాఠం రద్దు. పిల్లలు లైబ్రరీకి వెళ్తారు. ప్రతి పాఠం అయ్యాక పావుగంట కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకుంటారు. అసలు శిక్షణ ఆ పావుగంటలోనే ఉంది.

గాత్రానికి వచ్చే ఇద్దరిలో ఒకరు మగవారు. వారి శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పట్టుకునే షడ్జం (స) ఎత్తు, ఒకటి. మన చిన్న తరగతులు పాడేది అయిదులో. వారు తమ శ్రుతిలో మొదలుపెడితే కొందరు పిల్లలు గొంతు నొక్కుకుని గొణుగుతారు, మిగతావాళ్లు పై షడ్జం దగ్గరికి వచ్చేసరికి అరుస్తారు. అందుకని శ్రుతిపెట్టె మీట మీద అయిదు దగ్గర టేపు అంటించాం, దాన్ని ఎవరూ కదపరు. వారు తమ మంద్ర పంచమాన్నే (కింది స్థాయి 'ప') పిల్లల షడ్జంగా పట్టుకుని ఒక స్థాయి కింద పాడాలి. మంద్ర పంచమం మగగొంతులో గట్టిగా పలకదు, వెనక కూర్చున్నవాళ్లకు వినపడదు. అందుకే మన టీచరు వయొలిన్ మీద పిల్లల స్థాయిలో అదే వరస వాయిస్తారు. "సారు వేరే గొంతుతో పాడుతున్నారు" అని మీ అబ్బాయి ఇంటికొచ్చి చెబితే సంగతి ఇదీ.

ట్రైనీలు మొదటి నెలలో చేసే తప్పులు దాదాపు ముందే చెప్పేయొచ్చు. అన్నిటికన్నా పెద్దది, పిల్లలతో కలిసి ఆపకుండా పాడటం. గది మోగిపోతుంది, వినడానికి చాలా బాగుంటుంది. టీచరు దగ్గు వచ్చి ఆగితే చాలు, వరస కూలిపోతుంది. పిల్లలు పాడటం లేదు, టీచరు గొంతును ఒక క్షణం వెనక పట్టుకుని వేలాడుతున్నారన్న మాట. కాబట్టి మా నియమం: ఒకసారి పాడి చూపించు, రెండుసార్లు నోరు మూసుకుని విను.

రెండోది కాలం, అంటే వేగం. ఎనిమిది దెబ్బల ఆది తాళంలో సరళీ వరస (పిల్లలు మొట్టమొదట నేర్చే స్వరాల అభ్యాసం) మొదటి కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. ఉత్సాహంలో నిమిషానికి 80 దెబ్బలతో మొదలుపెట్టారనుకోండి, మూడో కాలానికి వచ్చేసరికి నిమిషానికి 320 స్వరాలు పలకాలి, సెకనుకు అయిదు పైనే. తొమ్మిదేళ్ల పిల్లల నోట్లో అవి స్వరాలుగా ఉండవు, నలిగిన అటుకులవుతాయి. ముందు మూడో కాలం ఎంతలో శుభ్రంగా పలుకుతుందో చూసుకుని, దాన్ని నాలుగుతో భాగించి మొదటి కాలం పెట్టుకోవాలి. మన నాలుగో తరగతికి అది నిమిషానికి 40 దెబ్బల దగ్గర తేలుతుంది. పెద్దలకు నత్తనడకలా ఉంటుంది, అయినా అంతే.

చెవి సంగతి చెప్పడానికి మలహరి రాగం మంచి ఉదాహరణ. పిల్లలు నెలల తరబడి మాయామాళవగౌళ రాగంలో స రి గ మ అంటూ వచ్చి, మలహరిలో ఉన్న తొలి పాటలు, పిళ్ళారి గీతాలకు చేరతారు. మలహరి ఆరోహణలో (స్వరాలు పైకి ఎక్కేటప్పుడు) గాంధారం లేదు: స రి మ ప ద స. దిగేటప్పుడే గాంధారం వస్తుంది. నిషాదం (ని) అసలే రాదు. అలవాటు కొద్దీ పిల్లలు పైకి వెళ్తూ రి మ మధ్యలో ఒక గాంధారం దూర్చేస్తారు. సాహిత్యం సరిగ్గానే ఉంటుంది, తాళమూ తప్పదు, దాంతో కొత్త టీచరు "భేష్" అనేస్తారు. మన టీచరు అక్కడ పాట ఆపించి, మాట వదిలేసి స్వరం మాత్రమే పాడమంటారు. తప్పు వెంటనే బయటపడుతుంది. ఎనిమిది వారాల్లో ట్రైనీకి ఆ చెవి ఒక్కటి వచ్చినా చాలనుకుంటాను.

కటపయాది సూత్రం, అంటే పేరులోని అక్షరాలకు అంకెలిచ్చి అది ఎన్నో మేళకర్త (మూల రాగం) అని పట్టే లెక్క, నాలుగో తరగతిలో నిషేధం. 'మా'కు 5, 'య'కు 1, తిరగేస్తే 15, కాబట్టి మాయామాళవగౌళ పదిహేనో మేళకర్త. ముచ్చటైన లెక్కే, కాదనను. కానీ అది చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలూ 30 గొంతులు ఖాళీ.

ఇక పాఠాంతరం. ఒకే వర్ణాన్ని (గీతాల తర్వాత నేర్చే పెద్ద రచన) ఒక్కో గురువుగారి ఇంట్లో ఒక్కోలా పాడతారు. ట్రైనీలకు తమ గురువుల పాఠం మీద మమకారం ఉంటుంది, ఉండాలి కూడా. మన పిల్లలకు మాత్రం ఇక్కడ చెప్పిన పాఠమే నడుస్తుంది. పరీక్షకు తయారవుతున్న పెద్ద పిల్లల వర్ణాలను ట్రైనీలు అసలు ముట్టుకోరు.

వాయిద్యాల దగ్గర చిక్కు వానాకాలంతో. ఆగస్టు చెమ్మకు వయొలిన్ తంతులు బిగించే బిరడలు ఉబ్బి బిగుసుకుంటాయి. బలవంతాన తిప్పితే తంతి టప్పున తెగుతుంది. ముందు కొద్దిగా వదులు చేసి, బిరడను లోపలికి నొక్కుతూ మెల్లగా బిగించాలి. మరీ బిగుసుకుంటే పొడి సబ్బు కాస్త రాయాలి, జారిపోతుంటే సుద్దముక్క. కమాను వెంట్రుకలను వేలితో తాకకూడదు. పొద్దున్నే తలకు కొబ్బరినూనె రాసుకొచ్చిన చేతులైతే మరీ: ఆ జిడ్డు మీద రోజిన్ (కమానుకు రాసే గట్టి బంక) పట్టదు, తంతి పలకదు. పాఠం కాగానే కమాను మర వదులు చేయాలి. మృదంగం ఎడమ మూతకు పెట్టే రవ్వ ముద్దను క్లాసు అయిన వెంటనే గీకి, తడిగుడ్డతో తుడవాలి. రాత్రంతా వదిలేస్తే ఎండి తోలు పాడవుతుంది, చీమలు కూడా పడతాయి. ఇంట్లో వాయిద్యం ఉన్నవాళ్లకూ ఇవన్నీ వర్తిస్తాయి.

కొన్ని విషయాల్లో మినహాయింపు లేదు. ఒక్క పిల్లకో పిల్లాడికో విడిగా పాఠం చెప్పాల్సి వస్తే తలుపు తెరిచే ఉంటుంది, మన టీచరు కంటికి కనిపించే చోటే జరుగుతుంది. వేళ్లు ఎలా పెట్టాలో, వీపు ఎలా నిలపాలో ట్రైనీలు తమ చేతి మీదే చూపించాలి, పిల్లల చెయ్యి పట్టుకుని సరిదిద్దరు. సొంత ఫోన్లో ఎవరినీ రికార్డు చేయరు. వాళ్ల కాలేజీకి పాఠం రికార్డింగు కావాలంటే స్కూలు ట్యాబ్‌లోనే తీస్తాం, మీరు సమ్మతి ఇచ్చిన పిల్లలనే కూర్చోబెడతాం, మూల్యాంకనం కాగానే చెరిపేస్తాం. ఈ ఎనిమిది వారాలూ ట్రైనీలు మన పిల్లలకు ఇంటి దగ్గర ట్యూషన్ చెప్పరు, దయచేసి మీరూ అడగకండి. ఆఖరి రోజు తాంబూలం, బట్టలు పెట్టాలని కొందరికి ఉంటుంది. ఆ మర్యాద నాకు అర్థమవుతుంది, అయినా వద్దు. పిల్లలు ఒక గీతం పాడి పంపితే సరిపోతుంది.

సమ్మతి పత్రం డైరీలో పెట్టి పంపుతున్నాం. అందులో రెండు గడులు: ట్రైనీ పాఠంలో కూర్చోవడానికి ఒకటి, రికార్డింగుకు ఒకటి. మొదటిదానికి ఒప్పుకుని రెండోదానికి వద్దనొచ్చు. రెండూ వద్దంటే ఆ పీరియడ్‌లో మీ పిల్లలను రెండో సంగీతం టీచరు తరగతిలో కూర్చోబెడతాం, మార్కులకు దానికీ సంబంధం లేదు. సంతకం చేసి శుక్రవారంలోగా క్లాసు టీచరుకు అందేలా చూడండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు