పాత వ్యాట్ నోటీసులు అందుకున్నవారికి

సభ్యులందరికీ నమస్కారం. నిన్న మన సభ్యులొకరు పాత వ్యాట్ (జీఎస్టీకి ముందు అమ్మకాలపై ఉన్న రాష్ట్ర పన్ను) నోటీసు పట్టుకుని మా దుకాణానికి వచ్చారు. కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది. ‘కట్టేసి వదిలించుకుంటాను’ అన్నారు. నాకు మనసు చివుక్కుమంది. దయచేసి ఎవరూ అలా తొందరపడవద్దు.

పాత వ్యాట్ లెక్కలను తిరగదోడే గడువు పెంచుతూ తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో దాన్ని చట్టం చేసింది. జూలై 1నే జీఎస్టీ అమలులోకి వచ్చింది కదా! ఆ తర్వాత వ్యాట్ చట్టాన్ని అలా సవరించే అధికారం శాసనసభకు లేదని హైకోర్టు కొట్టివేసింది. తిరుమల కన్‌స్ట్రక్షన్స్ కేసులో 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు కూడా సవరణ చెల్లదని తేల్చింది. గుజరాత్ సవరణకూ అదే గతి పట్టింది.

కాబట్టి ఆ పెంచిన గడువును నమ్ముకుని ఇచ్చిన నోటీసు నిలవకపోవచ్చు. అందుకే ముందు నోటీసు ఏ సంవత్సరం లెక్కలకో, ఏ తేదీన ఇచ్చారో, ఏ సెక్షన్ కింద ఇచ్చారో చూసుకోండి. కావాలని పన్ను ఎగవేశారన్న ఆరోపణ ఉంటే లెక్కలు తిరగదోడే గడువు వేరు, అక్కడ ఈ తీర్పు ఒక్కటే సరిపోదు. నోటీసుకు జవాబు మాత్రం అందులో ఇచ్చిన గడువులోగా, రాతపూర్వకంగా ఇవ్వాలి. పాత బిల్లు పుస్తకాలు, చలాన్లు పారేయకండి. నోటీసు ఉన్నవారు ఆదివారం ఉదయం మా దుకాణానికి తీసుకురండి, ఆడిటర్ గారు కూడా వస్తున్నారు.