సెక్షన్ రాశారు సరే, సాక్ష్యం ఏదీ?

సంపాదకుడికి,

అయ్యా,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ఆత్మహత్యకు ప్రేరేపించిన కేసు కొట్టేశారని వార్త వేశారు. మా కావలిలో టీ కొట్టు దగ్గర చదివినవాళ్లంతా కోర్టునే తప్పుపట్టారు. నాకు మాత్రం ఆ కేసు స్టేషన్‌లో మొదటి వారంలోనే పాడైపోయి ఉంటుందనిపించింది. అలాంటిది ఒకటి దగ్గరుండి చూశాను.

ఆరేళ్ల కిందట మా వీధిలో టైలరింగ్ చేసుకునే అతను ఫైనాన్స్ అప్పు కట్టలేక ప్రాణం తీసుకున్నాడు. బంధువులు శవంతో రోడ్డు మీద కూర్చున్నారు. సాయంత్రానికి పోలీసులు వచ్చి, ఆత్మహత్యకు ప్రేరేపించారని 306 సెక్షన్ పెట్టాం, లేవండి అన్నారు, లేచారు. వసూలుకు వచ్చే కుర్రాడు రిమాండుకు వెళ్లాడు. అక్కడితో అందరి పనీ అయిపోయింది.

చదువొచ్చినవాడినని ఆ ఇల్లాలు ఛార్జిషీటు కాపీ నా దగ్గరికి తెచ్చింది. ఐదుగురు సాక్షుల వాంగ్మూలాలు ఉన్నాయి. ఐదింటిలోనూ ఒకే వాక్యం, ఒకే అక్షరదోషం. రాత్రి తొమ్మిదింటికి వచ్చి అరుగు మీద కూర్చుని గొడవ చేసేవాళ్లని ఆమె మొత్తుకుంది. వేళకాని వేళల్లో వసూలు కోసం వేధించకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ అరుగు ఎదురింటి వాళ్లను ఒక్కరూ అడగలేదు. ఫోన్ ఇంట్లోనే ఉంది, తీసుకోలేదు. ఏం మాటలన్నారు, చనిపోవడానికి ఎన్ని రోజుల ముందు అన్నారు అన్నది ఎక్కడా లేదు. దర్యాప్తు అధికారులు ముగ్గురు మారారు. చివరికి కేసు కొట్టేశారు. ‘అంటే మా ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదనా సార్?’ అని ఆమె అడిగితే నాకు నోరు పెగల్లేదు. అటు ఆ కుర్రాడికీ ఉద్యోగం పోయింది, పెళ్లి సంబంధం తప్పిపోయింది.

పాత ఐపీసీలో 306గా ఉన్న ఈ నేరం, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇప్పుడు సెక్షన్ 108. పదేళ్ల వరకు జైలు. ఉసిగొల్పారా, కుట్ర చేశారా, కావాలని సాయపడ్డారా, ఈ మూడింటిలో ఏదో ఒకటి రుజువు కావాలి. కోపంలో, అలా జరగాలన్న ఉద్దేశం లేకుండా అన్న మాట ప్రేరేపణ కాదని సుప్రీంకోర్టు 2001లోనే రమేష్ కుమార్ కేసులో చెప్పింది. 2025 జనవరిలో మహేంద్ర అవాసే కేసులో, అదీ అప్పు వసూలు వ్యవహారమే, చనిపోయినవాళ్ల కుటుంబాన్ని ఊరడించడానికి పోలీసులు ఈ సెక్షన్ యాంత్రికంగా పెట్టకూడదని స్పష్టంగా అంది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకుంటే, ప్రేరేపణ ఉందని కోర్టు అనుకోవచ్చని చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది కానీ, భర్తో అత్తింటివారో క్రూరంగా చూశారన్నది అక్కడా ముందు రుజువు చేయాల్సిందే. ఇవన్నీ తెలిసీ స్టేషన్లలో పాత పద్ధతే నడుస్తోంది. సెక్షన్ ఎంత పెద్దదైతే జనం అంత త్వరగా లేస్తారన్నదే లెక్క.

బతికున్నప్పుడు వచ్చినవాళ్ల మాట వింటారా అంటే అదీ లేదు. ఆ టైలరే రెండుసార్లు స్టేషన్‌కు వెళ్లాడు. మాట్లాడుకుని సర్దుకోండి అని పంపేశారు, ఒక్క రసీదు ఇవ్వలేదు. ఆ రసీదు ఉంటే కోర్టులో దాని విలువ వేరుగా ఉండేది. సోమవారం సోమవారం ఒంగోలులో, నెల్లూరులో ఎస్పీ ఆఫీసుల ముందు అర్జీలు పట్టుకుని నిలబడేవాళ్లలో సగం మంది ముందు స్టేషన్‌కు వెళ్లి తిరిగొచ్చినవాళ్లే అనిపిస్తుంది నాకు.  ఇప్పుడు స్టేషన్లలో ఒక వాంగ్మూలం టైపు చేసి మిగతా వాటిలో పేర్లు మారుస్తున్నారు.

మీ పత్రికకూ ఒక మాట. అరెస్టు రోజు ఆ కుర్రాడి ఫొటో వేసి ‘వేధింపులకు బలి’ అని నాలుగు కాలాల్లో రాశారు. నిర్దోషి అని తేలిన రోజు లోపలి పేజీలో మూడు లైన్లు వేశారు. కేసు ఎందుకు నిలవలేదో, తీర్పులో దర్యాప్తు గురించి ఏం రాశారో ఆ మూడు లైన్లలో లేదు. పది రోజుల కిందటి కేసు తీర్పు అయినా తెప్పించి చదివి, దర్యాప్తులో ఏమేం వదిలేశారో పూర్తిగా వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి