ఎల్బీనగర్ మెట్రో మెట్ల దాకా మా బస్సు రావాలి

సంపాదకుడికి,

నమస్కారం. నల్లగొండ నుంచి రాస్తున్నాను.

గత నెల మా అమ్మను హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో చూపించడానికి తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి, హయత్‌నగర్ ట్రాఫిక్‌లో చిక్కుకుని, చివరికి ఎల్బీనగర్ రింగ్‌రోడ్డు దగ్గర దిగాం. తలెత్తితే మెట్రో లైను కనిపిస్తోంది. "అగో, రైలు గదే గదా" అంది అమ్మ సంతోషంగా. కంటికెదురుగా ఉన్న ఆ స్టేషన్‌లోకి చేరడానికి మాకు దాదాపు అరగంట పట్టింది.

అమ్మది మర్రిగూడ పక్క పల్లె. వయసు డెబ్భై దాటింది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మనిషి. మోకాళ్ళు పూర్తిగా వంగవు, మెడ తిరగదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం అటు తిరగాల్సిందే. రోడ్డు దాటేటప్పుడు వచ్చే బండిని చూడాలని ఆగి, నెమ్మదిగా అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగేలోపు ఇంకో నాలుగు బండ్లు వచ్చేస్తాయి. ఆమె చెయ్యి పట్టుకుని నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఎలాగో దాటాక ఎదురుగా మెట్లు కనబడితే అవే ఎక్కడం మొదలుపెట్టాం. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, కమ్మీ పట్టుకుని, కాసేపు నిలబడి ఎక్కింది. సగంలో ఆగి, "ఇంకెన్నున్నయి బిడ్డా?" అని అడిగింది. లిఫ్ట్ ఎటుందో కనుక్కుందామన్న ఆలోచన నాకు పైకెళ్ళాక గానీ రాలేదు.

మా ఇంటి కష్టం చెప్పుకోవడానికే ఈ ఉత్తరం రాయడం లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు మండలాల్లో ఇలాంటి కాళ్ళతో ఉన్న పెద్దవాళ్ళు ఎంతమందో. 2015లో చౌటుప్పల్‌లోనే మిషన్ భగీరథ పైలాన్‌కు శంకుస్థాపన జరిగింది, ఇళ్ళకు కృష్ణా నీళ్ళు వచ్చాయి. ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు. కానీ అంతకుముందే వంకరపోయిన ఎముకలు మంచినీళ్ళతో సరికావు. వీళ్ళంతా వైద్యానికి పోయేది హైదరాబాద్‌కే, సిటీలో వీళ్ళు ముందు కాలు పెట్టేది ఎల్బీనగర్‌లోనే.

ఈ స్టేషన్ కథ కొంచెం చెప్పాలి. హైదరాబాద్ మెట్రోకు మొదట వేసిన ప్లాన్‌లో మియాపూర్ నుంచి వచ్చే లైను చైతన్యపురి దగ్గరే ఆగేది. తర్వాత దాన్ని ఎల్బీనగర్ దాకా పొడిగించారు. ఎవరు పట్టుబట్టి చేయించారో గానీ వాళ్ళకు మా జిల్లా రుణపడి ఉంటుంది. 2017 నవంబర్ 28న మియాపూర్, నాగోల్ మధ్య తొలి రైలు మొదలైనప్పుడు మా వైపు పిల్లర్ల పని ఇంకా సాగుతూనే ఉంది. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా 16 కిలోమీటర్ల లైనును 2018 సెప్టెంబర్ 24న అప్పటి గవర్నర్ నరసింహన్ ప్రారంభించారు. అప్పటినుంచి మియాపూర్–ఎల్బీనగర్ రెడ్ లైన్‌కు ఇటువైపు ఆఖరి స్టేషన్ ఇదే. లైను పొడవు 29 కిలోమీటర్లు, స్టేషన్లు 27.

సిటీ వాళ్ళకు ఇది ఆఖరి స్టేషన్ కావచ్చు, నల్లగొండ, సూర్యాపేట నుంచి వచ్చేవాళ్ళకు మాత్రం మొదటిది. ఇంతకుముందు మా బస్సులు దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట ట్రాఫిక్‌లో పాకుతూ ఎంజీబీఎస్ బస్టాండ్ చేరేసరికి తలప్రాణం తోకకొచ్చేది. ఇప్పుడు ఎల్బీనగర్‌లో దిగి రైలెక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి కోఠి వెళ్ళొచ్చు. నిలోఫర్‌కూ, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికీ లక్డీకాపూల్‌లో దిగొచ్చు. నిమ్స్‌కు ఎర్రమంజిల్ గానీ పంజాగుట్ట గానీ. అన్నీ ఒకే లైను మీదే, ఎక్కడా మారనక్కర్లేదు. గాంధీ ఆస్పత్రికి మాత్రం ఎంజీబీఎస్‌లో దిగి జేబీఎస్ వైపు వెళ్ళే గ్రీన్ లైన్ ఎక్కాలి. పేదవాడి ఆస్పత్రులను ఇంత చక్కగా గుచ్చిన లైను ఇంకోటి లేదు. మా జిల్లా కోసమే వేశారా అనిపిస్తుంది నాకు.

స్టేషన్ కట్టిన తీరు కూడా తెలివైనదే. హైవే మధ్యలో డివైడర్ మీద వరసగా పిల్లర్లు నిలబెట్టి, ఆ పిల్లర్ల నుంచే రెండు పక్కలకీ చేతులు చాపినట్టు స్టేషన్‌ను మోయించారు. కింద రోడ్డు, మధ్య అంతస్తులో టికెట్ కౌంటర్లు, చెకింగ్, గేట్లు, ఆ పైన పట్టాలు. పట్టాలు మధ్యలో ఉంటే ప్లాట్‌ఫాంలు అటొకటి ఇటొకటి. ఇప్పుడు నడుస్తున్నవి మూడు బోగీల రైళ్ళే అయినా ప్లాట్‌ఫాంలు ఆరు బోగీలకు సరిపడా కట్టారు. డిపోలు మియాపూర్, ఉప్పల్‌లలోనే ఉన్నాయి కాబట్టి ఎల్బీనగర్ వచ్చిన రైలు ఇక్కడే దిక్కు మార్చుకుని వెనక్కి పోతుంది. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మధ్య అంతస్తులో గేట్ల దాకా టికెట్ లేకుండానే వెళ్ళొచ్చు, ఒక పక్క ఎక్కి ఇంకో పక్క దిగొచ్చు. అంటే రోడ్డు దాటడానికి ఇది వంతెన కూడా. ఈ సంగతి ఆ రోజు నాకే తెలియదు.

రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా నిలబడి ఎక్కడానికి వచ్చే సిటీ మనిషిని మనసులో పెట్టుకుని చేసిన ఏర్పాటు ఇది. చేతిలో రెండు సంచులతో, వెంట ఒక రోగితో, దూరపు బస్సు దిగే మనిషి ఇందులో లెక్కకు రాలేదని నాకనిపిస్తోంది. ఇక్కడ ఇన్నర్ రింగ్‌రోడ్డు, విజయవాడ హైవే కలుస్తాయి. పైన ఫ్లైఓవర్లు, కింద అండర్‌పాస్‌లు వచ్చాక కార్లకు సుఖమే. నడిచేవాళ్ళకే ఎటు పోవాలో తోచదు. తిరుగు ప్రయాణంలో మరీ కష్టం. సాయంత్రం స్టేషన్ దిగి నల్లగొండ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడాలి. సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ వెళ్ళేవాళ్ళూ అక్కడే. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియక, దూరంగా ఆగిన బస్సు కోసం పరుగెత్తాలి. సంక్రాంతికి ముందు ఆ చౌరస్తాను ఒక్కసారి చూసినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు. మా అమ్మ లాంటి వాళ్ళు పరుగెత్తగలరా?

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మెట్రో రెండో దశ ప్రతిపాదనలను రాష్ట్ర ప్రభుత్వం 2024లో కేంద్రానికి పంపింది. 24,269 కోట్ల ఖర్చుతో 76.4 కిలోమీటర్లు. అందులో రెండు లైన్లు మాకు సంబంధించినవి. ఒకటి ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్లు. రెండోది నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి 36.8 కిలోమీటర్లు. ఆరాంఘర్ అంటే మహబూబ్‌నగర్ బస్సుల దారి, చాంద్రాయణగుట్ట అంటే శ్రీశైలం రోడ్డున వచ్చే కల్వకుర్తి, అచ్చంపేట వాళ్ళ దారి. కాబట్టి నేనడిగేది ఒక్క నల్లగొండ కోసమే కాదు.

ఎల్బీనగర్‌లో కొత్త స్టేషన్‌నూ పాత స్టేషన్‌నూ స్కైవాక్‌తో కలుపుతామని మెట్రో అధికారులు చెప్పారు. చాలా మంచి ఆలోచన. ఆ స్కైవాక్‌కే ఇంకో కొమ్మ తీసి జిల్లా బస్సులు ఆగే చోటికి కలపాలని నా విన్నపం. బస్సు దిగినవాళ్ళు నేల మీద రోడ్డు దాటే అవసరమే రాకూడదు. ఆ బస్టాపు దగ్గర లిఫ్ట్ ఉండాలి, నీడ ఉండాలి, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉండాలి. నాలుగు గంటలు ఆస్పత్రిలో కూర్చుని వచ్చిన మనిషికి నడుం వాల్చే బల్ల ఉండాలి. ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెల నుంచి ఆడవాళ్ళు ఒంటరిగా కూడా ధైర్యంగా ప్రయాణం చేస్తున్నారు. అలా వచ్చినవాళ్ళు చౌరస్తాలో బిక్కముఖం వేసుకుని నిలబడటం నేను కళ్ళారా చూశాను.

హయత్‌నగర్ స్టేషన్ విషయంలోనైతే ఇంకా మంచి అవకాశం ఉంది. అదింకా కాగితం మీదే ఉంది. అక్కడ ముందు రైలు స్టేషన్ కట్టి, తర్వాత బస్సుల సంగతి చూద్దాం అనకూడదు. విజయవాడ హైవే మీద వచ్చే బస్సులు స్టేషన్ కిందికే వచ్చి ఆగేలా రెండూ కలిపి గీయాలి. ఆర్టీసీ, మెట్రో, హైవే అధికారులు ఒక్కచోట కూర్చుంటే అయ్యే పని ఇది. పిల్లర్లు లేచాక ఏదీ జరపలేం.

అంతదాకా ఆగలేని చిన్న పనులు కొన్ని ఉన్నాయి. వీటికి కేంద్రం అనుమతి అక్కర్లేదు. ఎల్బీనగర్‌లో మా బస్సులు ఆగే చోట లిఫ్ట్ ఎటో చూపించే పెద్ద తెలుగు బోర్డు పెట్టాలి. ఏ ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందో స్టేషన్ దిగే మెట్ల దగ్గర రాయాలి. జిల్లా బస్సులను వీలైనంత వరకు స్టేషన్ లిఫ్ట్‌కు దగ్గర్లో ఆపమని డ్రైవర్లకు చెప్పాలి. మా ఉమ్మడి జిల్లా ఎమ్మెల్యేలు, ఎంపీలు ఒకసారి పొద్దున ఎనిమిదింటికి నల్లగొండ బస్సులో వచ్చి ఎల్బీనగర్‌లో దిగి, రైలెక్కి చూడాలని వేడుకుంటున్నాను.

వచ్చే నెల అమ్మను మళ్ళీ నిమ్స్‌కు తీసుకెళ్ళాలి. లిఫ్ట్ ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు. అయినా బస్సు దిగిన చోటు నుంచి అక్కడి దాకా ఆమెను ఎలా నడిపించాలా అని ఇప్పటినుంచే ఆలోచిస్తున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు,
నల్లగొండ