ఎక్కడ కూర్చోవాలని అడిగావు గనుక

విజయవాడ

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. వచ్చే నెల ఇక్కడ జరగబోయే సినిమా పాటల విభావరికి గుంటూరు నుంచి తప్పక వస్తానని రాశావు, చాలా సంతోషం. ఏ టికెట్టు కొనాలి, ఎక్కడ కూర్చోవాలి అని ఒక్క ముక్కలో అడిగావు. జవాబు కూడా ఒక్క ముక్కలో ఇవ్వవచ్చు గాని, అలా ఎందుకు చెబుతున్నానో కూడా నీకు తెలియాలని నా కోరిక. అందువల్ల ఈ ఉత్తరం పొడుగ్గానే ఉంటుంది, తీరిక చేసుకుని చదువు.

ముందు వరస వద్దు. అక్కడ గాయకులు దగ్గరగా కనిపిస్తారన్నది నిజమే; కానీ వేదికకు రెండు పక్కలా ఎత్తున వేలాడదీసే స్పీకర్ల ధ్వని చాలావరకు ఆ వరసల తల మీదుగా వెనక్కి వెళ్లిపోతుంది, నీకు మిగిలేది డ్రమ్ముల మోతా, కళాకారుల కోసం వేదిక మీద పెట్టిన మానిటర్లనే చిన్న స్పీకర్ల చప్పుడూను. ప్రేక్షకుల నడుమ ఎక్కడో ఒకచోట సౌండు ఇంజనీరు తన మిక్సింగు బల్ల ముందు నిలబడి ఉంటాడు. ఏ వాద్యం ఎంత వినపడాలో అతను తన చెవితోనే తూచి సరిదిద్దుతాడు గనుక, అతను నిలబడిన చోట వినపడేదే ఆ సాయంత్రపు అసలు పాట. ఆ బల్లకు రెండు మూడు వరసలు ముందుగా, మధ్యకు కొంచెం కుడివైపుగా చోటు చూసుకో. సాధారణంగా వయొలిన్ల వాళ్లను మనకు ఎడమచేతి వైపు కూర్చోబెడతారు, కుడి పక్క నుంచి చూస్తే వాళ్ల వేళ్లూ, తీగల మీద లాగే కమానులూ, ముఖాలూ తేటగా కనిపిస్తాయి.

తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం వంటి హాలులో ఈ జాగ్రత్త చాలు. ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం వంటి మైదానమైతే మరో సంగతి కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో తలసీమియా అనే రక్తవ్యాధి బాధితుల సహాయార్థం తమన్ బృందం పాడి వాయించింది అక్కడే. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే వెళుతుంది. వేదికకు 100 మీటర్ల దూరంలో కూర్చున్నావంటే, పెద్ద తెర మీద గాయని పెదవులు కదిలాక దాదాపు 0.3 సెకను ఆగి గానీ స్పీకరులోని మాట నీ చెవిని చేరదు. లయతో కూడిన పాటకు ఆ తేడా చాలా ఎక్కువ. కాబట్టి మైదానంలో చవక టికెట్టు కోసం చివరికి పోవద్దని నా గట్టి సలహా.

ఇక కమానులు చూడమని ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. మనం పాటను ఎప్పుడూ గొంతుతోనే గుర్తుపెట్టుకున్నాం: అది ఘంటసాల పాట, ఇది సుశీల పాట, అది బాలు గారి పాట. పల్లవికీ చరణానికీ నడుమ వాద్యాలు వాయించే ఆ కొద్ది సేపూ మనకు విరామమే అయింది. రేడియోలో ఆ భాగం వస్తున్నప్పుడే కదా మాటల్లో పడేవాళ్లం! వేదిక ముందు కూర్చుంటే అలా దాటవేయడం కుదరదు. ఒక వరస వయొలిన్లు రాగాన్ని అందుకుంటాయి, రెండో వరస దానికి బదులు చెబుతుంది, కింద వయొలిన్ జాతివే అయిన పెద్ద వాద్యాలు, చెల్లోలు, ఒకే స్వరాన్ని నిలబెట్టి ఉంచుతాయి, ఆ మీదట వేణువు ప్రవేశిస్తుంది. ఇంట్లో ఒకే శబ్దంగా విన్నది నిజానికి ఇంతమంది పంచుకున్న పని అని అక్కడ కళ్లే చెవులకు చెబుతాయి. ఇళయరాజా గారు ఒక్కొక్క వాద్యం వాయించవలసినదంతా పాశ్చాత్య స్వరలిపిలో కాగితం మీద రాసి ఇస్తారు. ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’ చిత్రాల సంగీతానికి ఆయనకు జాతీయ పురస్కారాలు వచ్చాయని నీకు తెలుసు. ఆ పాటలు వాయించేటప్పుడు ఒక్కసారి గాయకుల నుంచి చూపు తిప్పి, ఆ కాగితాల మీద వంగిన తలల వైపు చూడు.

నేను నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇప్పుడు వస్తోంది. 1950లలో, 60లలో మద్రాసు స్టూడియోల్లో పాట రికార్డింగు అంటే గాయకులూ, వాద్యకారులూ అందరూ ఒకే సమయాన కూడి, మొదటి నుంచి చివరి దాకా ఏకబిగిన పాడి వాయించడమే. తబలా ఒక్క దెబ్బ తప్పినా, గాయకుడి శ్వాస ఒక్కచోట తడబడినా అందరూ మళ్లీ పల్లవి నుంచి ఎత్తుకోవలసిందే. అందుకే ముందుగా అన్ని రిహార్సల్సు చేసేవారు. 1961లో వచ్చిన ‘జగదేకవీరుని కథ’లో మన కృష్ణా జిల్లావారైన పెండ్యాల నాగేశ్వరరావు గారు కూర్చగా ఘంటసాల పాడిన ‘శివశంకరీ’ ఆ కాలపు పాటే. కాబట్టి ఆ తరం పాటలన్నీ పుట్టుకతోనే కచేరీలు, శ్రోతలు లేని కచేరీలు. వాటిని నేడు వేదిక మీద పూర్తి వాద్యబృందంతో వాయించినప్పుడు, వాటికి మొదటి నుంచీ లేనిది ఒక్కటే కొత్తగా చేరుతుంది: మనం.

ఈనాటి పాటల కథ పూర్తిగా వేరు. తాళం కంప్యూటరులో సిద్ధమవుతుంది, గాయకుడు ఒక రోజు హైదరాబాదులో పాడతాడు, గాయని మరో రోజు చెన్నైలో పాడుతుంది, తంత్రీవాద్యాలను బుడాపెస్టులోనో మరో చోటో రికార్డు చేయించుకు వస్తారు. యుగళగీతం పాడిన ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసి ఉండకపోవచ్చు. అది తప్పని నేననను, ఆ పద్ధతిలోనూ గొప్ప పాటలు వచ్చాయి. కానీ ఆ పాటను కలిసి పాడడం, కలిసి వాయించడం అనేది మొట్టమొదటగా జరిగేది విభావరిలోనే అని గ్రహించినప్పటి నుంచీ, కొత్త పాటల కార్యక్రమాలకు కూడా నేను అంతే ఇష్టంగా వెళుతున్నాను.

ఈ కారణం చేతనే, వెనక నుంచి ట్రాక్, అంటే ముందే రికార్డు చేసిన వాద్యసంగీతం, వేసి దాని మీద పాడించే కార్యక్రమాలంటే నాకు మనసొప్పదు. వేదిక మీద వయొలిన్లు పట్టుకున్నవారు ఎంతమంది, వినపడుతున్న వయొలిన్లు ఎన్ని అని చూస్తే నీకే తెలిసిపోతుంది. అయితే మన దసరా పందిళ్లలో, శ్రీరామనవమి పందిళ్లలో వాయించే చిన్న ఆర్కెస్ట్రాలను నేను ఈ లెక్కలో కలపను. ఒక కీబోర్డు, ఒక గిటారు, తబలా, ప్యాడ్లు పెట్టుకుని, సన్నాయి బిట్టూ వేణువు బిట్టూ ఒకే మనిషి తన పది వేళ్లతో పలికించే ఆ విద్య నిజంగా గౌరవించదగినది. మన ఊళ్లలో ఎంతోమందికి సినిమా సంగీతాన్ని కళ్లెదుట చూసే అదృష్టం కలిగించింది వాళ్లే.

నాకొక పెద్ద ఆశ ఉంది, నీతో కాక ఎవరితో చెప్పుకుంటాను? లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో 2019 అక్టోబరులో ‘బాహుబలి’ మొదటి భాగాన్ని తెర మీద నడుపుతూ, కీరవాణి గారి నేపథ్య సంగీతాన్ని వాద్యబృందం చేత అక్కడికక్కడే వాయింపజేశారు. ఇలాంటి ప్రదర్శనలకు చిత్రంలోని మాటలను అలాగే ఉంచి, సంగీతాన్ని మాత్రం తీసివేస్తారు. తెర మీది కత్తి వేటుకూ వేదిక మీది దెబ్బకూ రవ్వంత తేడా రాకుండా, వాద్యబృందానికి ఎదురుగా నిలబడి నడిపే కండక్టరు కాలాన్ని పట్టి నడిపించాలి. అటువంటిది మన బెజవాడలో ఎందుకు జరగకూడదు? వయొలిన్ మనకు కొత్త కాదు. కర్ణాటక సంగీత గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులు, ఇక్కడి ఆకాశవాణిలో వాయించిన అన్నవరపు రామస్వామి గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత కళాశాల ఊళ్లోనే ఉంది. నేల మీద కూర్చుని గమకాలతో వాయించడం నేర్చిన పిల్లలకు, కుర్చీలో కూర్చుని స్వరలిపి చదువుతూ పదిమందితో ఒకే కమాను విసురుకు కట్టుబడడం కూడా నేర్పిస్తే, కొన్నేళ్లలో గుంటూరు, విజయవాడలకు కలిపి మనదైన ఒక తంత్రీవాద్య బృందం తయారవుతుందని నా నమ్మకం. అప్పుడు ప్రతి విభావరికీ చెన్నై నుంచి వాద్యకారులు రావలసిన పని ఉండదు.

టికెట్ల అమ్మకం మొదలు కాగానే నీకు ఫోను చేస్తాను. సీట్ల పటంలో మిక్సింగు బల్ల ఎక్కడ పెడుతున్నారో నిర్వాహకులను కనుక్కుని, ఇద్దరికీ పక్కపక్కన తీసుకుంటాను. చెల్లెమ్మ కూడా వచ్చేటట్లయితే ఈ వారంలోనే తెలియజేయి, మూడు సీట్లు ఒకే వరసలో దొరకడం కష్టం. ఆ రోజు మధ్యాహ్నానికల్లా బస్సు దిగు, భోజనం మా ఇంట్లోనే.

నీ మిత్రుడు