తెరమీద లేని ఆకుపచ్చ చుక్క

ఒరేయ్ శీనూ,

జవాబు బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు నయం, మీ ఇంటి ఆవకాయ అందింది. మిగతా కబుర్లు తర్వాత. ఈ సంగతి నీకు చెప్పందే నాకు నిద్ర పట్టదు.

లైలాక్ ఛేజర్ అని ఒక దృష్టి భ్రమ ఉందిరా. జెరెమీ హింటన్ అనే ఆయన కనిపెట్టాడు, 2005లో కంటిచూపు శాస్త్రవేత్త మైకేల్ బాఖ్ తన వెబ్‌సైట్‌లో పెట్టాక లోకమంతా పాకింది. బూడిదరంగు తెరమీద గుండ్రంగా 12 లేత ఊదా చుక్కలు, నడుమ ప్లస్ గుర్తు. సెకనులో పదోవంతుకొక చుక్క చొప్పున వరసగా మాయమై మళ్ళీ వస్తుంటాయి. ప్లస్ మీదే చూపు నిలుపు. ఆ ఖాళీలో ఆకుపచ్చ చుక్క పరుగెడుతుంది! ఇంకాసేపటికి ఊదా చుక్కలన్నీ పోయి, ఆ ఆకుపచ్చదొక్కటే మిగులుతుంది. జామచెట్టు మీద ఒట్టు, తెరమీద ఆకుపచ్చన్నదే లేదు.

వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో దీన్ని నువ్వే రాయి, పిల్లలకి పనికొస్తుంది. కాన్వాస్ (పేజీలో బొమ్మ గీసే చోటు) 600×600 పిక్సెళ్ళు, వలయం వ్యాసార్ధం 200 పిక్సెళ్ళు, 30 డిగ్రీలకొక చుక్క, చుక్క వ్యాసార్ధం 40. నేపథ్యం ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళు) 170, 170, 170. చుక్క 230, 130, 230. రెండింటి వెలుగూ దాదాపు సమానం, అందుకే ఈ అంకెలు.

కిటుకంతా అంచులో ఉంది. అంచు పదునుగా ఉంటే చుక్క అంత తేలిగ్గా మాయం కాదు. చూపు నిలిపామనుకున్నా కన్ను సన్నగా అదురుతూనే ఉంటుంది. పదునైన అంచు దగ్గర ఆ అదురుకే వెలుగు మారిపోయి చుక్క మళ్ళీ తెలుస్తుంది. మసక అంచైతే మార్పు అందదు, మెదడు దాన్ని వదిలేస్తుంది. ట్రాక్స్‌లర్ అనే వైద్యుడు 1804లోనే గమనించాడు ఇది! కాబట్టి నడుమ నుంచి అంచుకి రంగు మెల్లగా పలచబడే రేడియల్ గ్రేడియంట్ వాడు. చివరి రంగుగా ‘ట్రాన్స్‌పరెంట్’ అని మాత్రం రాయకు. కాన్వాస్ దాన్ని పారదర్శకమైన నలుపుగా తీసుకుంటుంది, చుట్టూ మురికి వలయం వస్తుంది. అదే ఊదా అంకెలిచ్చి ఆల్ఫా (రంగు ఎంత చిక్కగా కనబడాలో చెప్పే అంకె) సున్నా పెట్టు.

వేగానికి ఫ్రేములు (తెర బొమ్మని తిరగ్గీసే సార్లు) లెక్కపెట్టకు. సెకనుకి 60 సార్లు గీసే 60 హెర్ట్జ్ తెరమీద 6 ఫ్రేములంటే 100 మిల్లీసెకన్లు, 120 హెర్ట్జ్ ఫోన్‌లో అందులో సగమే. టైమ్‌స్టాంప్, అంటే గడియారం చెప్పే సమయం, చూసి నడుపు.

పిల్లలకి వీడియో చూపిస్తే ఏదో మాయ చేశారంటారు. అందుకే వేగం స్లైడరు, ‘ఆపు’ బటను వాళ్ళ చేతికే ఇవ్వాలి. సెకనుకొకటి చేస్తే పరుగు పోయి ఆకుపచ్చలు విడివిడిగా వెలుగుతాయి. ఇంకో బటను పెట్టి చుక్కలన్నీ ఒక్కసారే తీసేయ్: 12 ఆకుపచ్చ చుక్కలు ఒక్కసారి మెరుస్తాయి. ఊదాకి అలసిన కంటికి బూడిదరంగు ఆకుపచ్చగా తోస్తుందని అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

రంగు మార్చే మీట కూడా పెట్టావంటే, నీలం చుక్కలకి పసుపు... అయ్యో, కరెంటు పోయేలా ఉంది, ఉంటానురా.

నీ
బాబ్జీ