బుడమేరు వరదలో సరుకు గడప దాకా చేర్చినవాళ్లకు మా కృతజ్ఞతలు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డాక సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, కండ్రిక జనానికి అన్నం, నీళ్లు పంపిన దాతలందరికీ దండాలు. ఈ నాలుగు మాటలు మాత్రం ఆ సరుకును కదిలించినవాళ్ల కోసం: గోదాము గుమాస్తాలు, ట్రాన్స్‌పోర్టు వాళ్లు, లారీ డ్రైవర్లు, హమాలీలు, పడవల దగ్గర నిలబడి లెక్క రాసినవాళ్లు. వాళ్ల పని ఫొటోల్లో పడదు.

అప్పుడు హైదరాబాద్ హైవే ఐతవరం దగ్గర మునిగింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. హైదరాబాద్ నుంచి వచ్చే సరుకు లారీలు నార్కట్‌పల్లి దగ్గర మళ్లి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు చుట్టి రావాల్సిన పరిస్థితి.

లారీ ఊళ్లోకి వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. ఫ్లైఓవర్ దగ్గర లారీ ఆగాలి, అక్కడి నుంచి ట్రాక్టరు, ఆపైన పడవ. ఎక్కించి దించే ప్రతిచోటా గంటలు పోతాయి. పడవేమో ముందు కనబడ్డ చేతులకే ఖాళీ అయిపోతుంది. అందుకే ఒడ్డున ఉన్న వీధికి ఒక్క పూటలోనే రెండు మూడుసార్లు పొట్లాలు అందుతాయి, లోపలి వీధికి ఒక్కటీ అందదు. దీనికి మందు ఒకటే: చివరి వీధి పేరు రాసి పడవ నింపాలి, దారిలో ఎక్కడా ఆపకూడదు, ముందు వీధులకు వేరే పడవ కట్టాలి. నడుములోతు నీళ్లలో నిలబడి అడిగేవాళ్లకు "మీ పడవ వెనకాలే వస్తోందమ్మా" అని చెప్పి ముందుకు సాగడానికి గుండె రాయి చేసుకోవాలి. అలా చేసినవాళ్లకే మేం ఎక్కువ రుణపడ్డాం.

వేడి సాంబారన్నం కవర్లో పోసి మూతి కడితే లోపల చెమర్చి, నాలుగు గంటలు తిరక్కుండానే పాచిపోతుంది. పులిహోర పళ్లేల్లో ఆరబోసి కట్టినవాళ్లకూ, పొట్లాల మూట మీద వండిన టైం రాసినవాళ్లకూ నమస్కారం. పిల్లల వాంతులు ఆగేది అక్కడే.

తాగడానికే మనిషికి రోజుకు 3 లీటర్ల నీళ్లు కావాలి. అంటే నలుగురున్న ఇంటికి 12 కిలోల బరువు. డ్రోన్ మోసేది 8 నుంచి 10 కిలోలు. అందుకని నీళ్లు పడవకు వదిలేసి, డ్రోన్‌ను మందులకూ పాలపొడికీ ఉంచడం మేలు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. అలాగని ఐసుకు ఆనించి పెడితే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టాలని ఎరిగి సర్దిన చేతులు చల్లగా ఉండాలి.

నీళ్లు తీశాక వచ్చిన ప్రభుత్వ కిట్టు చూడండి: 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, కిలో పంచదార, లీటరు పామాయిలు, రెండేసి కిలోల ఉల్లిపాయలు, బంగాళాదుంపలు. మొత్తం 32 కిలోల దాకా. పది టన్నుల లారీకి మూడొందల కిట్లు. బియ్యం ఒక గోదాములో, నూనె ఇంకోచోట, ఉల్లి మార్కెట్లో. ఏ ఒక్కటి ఆలస్యమైనా మూడొందల ఇళ్ల కిట్లు ఆగిపోతాయి. వాన తడికి ఉల్లి కుళ్లకుండా గాలాడే సంచుల్లో విడిగా తేవాలి, నూనె ప్యాకెట్లు బియ్యం బస్తాల కింద పడి పగలకుండా పైన పెట్టాలి.

ఇంత బరువునూ భుజాల మీద మోసి, బురద మెట్లెక్కి ఇంటింటికీ దించిన హమాలీ అన్నలకు ప్రత్యేకంగా దండం. మీ కూలీ బాకీ ఎక్కడైనా మిగిలి ఉంటే మాకు చెప్పండి. ఇప్పించే పూచీ మా వీధులది.