గొడుగు కర్ర తెల్లబడింది!

వృక్షవైద్యుడా,

నీ రెండు ఉత్తరాలూ బల్ల మీద అలాగే ఉన్నాయి. ఆలస్యానికి క్షమించు. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది, అందరం క్షేమం. ఇక ఆగలేను, చెప్పేస్తున్నాను. మన భూర్జం, అదే మన బర్చ్ చెట్టు, తెల్లబడిందిరా!

మనిద్దరం గొయ్యి తవ్వి నాటి ఐదేళ్లయింది. ఏటా గోధుమ రంగు కాండమే. "నీకు చెట్టు అమ్మలేదు, గొడుగు కర్ర అమ్మారు" అన్నావు కదా, ఒక్కోసారి నాకూ నిజమేననిపించేది. పశ్చిమ హిమాలయాల రకమని, బెరడు పాలలా ఉంటుందని చెప్పి ఇచ్చారు మరి. చిన్న వయసులో భూర్జం తెల్లగా ఉండదని, ఏళ్లు గడిచాకే ఆ రంగు వస్తుందని ఎంత చదివినా మనసు ఊరుకోదు.

ఆదివారం తెల్లవారుజామున వాన వెలిసింది. తోటలోకి వెళ్లేసరికి, మోకాలి ఎత్తున పైపొర చిట్లి, పాత ఉత్తరం అంచులా చుట్టుకుపోయి ఉంది. కింద లేత గులాబి కలిసిన తెలుపు! అడ్డంగా సన్నని గీతలు. కొంచెం పైన మరో పొర ముందే రాలిపోయినట్టుంది, అక్కడ అచ్చమైన తెలుపు. వేలితో రాస్తే సుద్దపొడి అంటింది. ఆ తెలుపంతా బెరడులోని బెట్యులిన్ అనే పదార్థం వల్లనేనట. చాలాసేపు వేలు తుడుచుకోలేదు.

ఆ చుట్టుకున్న అంచు పట్టుకుని లాగేద్దామని చేయి ఎంత తహతహలాడిందో! పట్టుకున్నాను కూడా. వదిలేశాను. దానంతటది రాలితే సరే, మనం లాగితే లోపలి సజీవమైన పొర చిరుగుతుంది. అక్కడ నల్లటి మచ్చ మిగిలిపోతుంది. ఐదేళ్లు ఆగినవాణ్ణి, ఇంకో నెల ఆగలేనా?

నీ చేతిరుమాలు గుర్తుందా? చిగుళ్లు రాకముందు నేను కింది కొమ్మ కోస్తే మూడు రోజులు నీరు కారింది. రెండో రోజు నువ్వు వచ్చి కట్టు కట్టావు. నీ వైద్యం వల్లే ఆగిందని నువ్వు, ఆకులు విచ్చుకున్నాక దానంతటదే ఆగిందని నేను. ఆ కాలంలో వేళ్లు నీటిని పైకి నెడుతుంటాయి, ఎక్కడ కోసినా కారుతుంది. అప్పటి నుంచి ఆకులు రాలాకే, చలి ముదరకముందే కత్తెర చేతపడుతున్నాను. అయినా ఆ రుమాలు దాచి ఉంచాను.

నీకు చెప్పలేదు కానీ, పోయిన వేసవిలో నిజంగా భయపడ్డాను. పై కొమ్మల ఆకులు పసుపెక్కి పలచబడ్డాయి. తొలుచు పురుగు పట్టినా మొదట తలే ఎండుతుంది. కాండమంతా వెతికాను, ఇంగ్లిషు డి అక్షరం ఆకారంలో చిన్న రంధ్రాలు ఉన్నాయేమోనని. ఒక్కటీ లేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు ఇక్కడ ఉండి ఉంటే... సరే, వదిలెయ్. అది ఉత్త దాహం! భూర్జం వేళ్లు లోతుకు పోవు, పైమట్టి ఎండితే అల్లాడిపోతాయి. తల ఎండలో, పాదాలు చల్లటి తడిలో ఉండాలి దానికి. చుట్టూ గడ్డి తీసేసి, నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు పరిచాను, మొదలుకు తగలకుండా జానెడు దూరంలో. వారానికొకసారి గొట్టంతో సన్నని ధార, గంటసేపు. ఈ తెలుపు ఆ నీళ్ల పుణ్యమేనని అనను, కానీ చెట్టు నిలబడింది.

రాలిన పొర ముక్క ఒకటి ఇందులో పెడుతున్నాను. లాగింది కాదు, ఒట్టు. కాగితంలాగే ఉంది, కలం చక్కగా సాగుతోంది. 1881లో పెషావర్ దగ్గర బక్షాలీ ఊళ్లో దొరికిన ఆ పాత లెక్కల ప్రతి కూడా భూర్జపత్రాల మీద రాసిందేనట, అందులో సున్నాకు చుక్క పెట్టారట. నీ ముక్క మీద కూడా ఒకే ఒక్క చుక్క పెట్టాను. ఎందుకో నీకు తెలుసు.

తపాలా తీసుకెళ్లే వేళయింది, ఇప్పుడే పరుగెత్తాలి. ఇంకొక్క మాట, ఉత్తరం వైపు కాండం ఇంకా గోధుమ రంగులోనే ఉంది. అది తెల్లబడేలోపు నువ్వు...